దిక్కులేని పిల్ల జుట్టు

మా హంగేరీలో ఈ గడ్డిని
దిక్కులేని పిల్ల జుట్టు అంటారు.
ఎవరు పెట్టారో ఆ పేరు.
నలభై ఏళ్ళు ఆడవాళ్ళ తలల మీద
కత్తెర ఆడించినదాన్ని,
విన్నప్పుడల్లా నా వేళ్ళే ముందు ఉలిక్కిపడతాయి.

బయట మైదానంలో ఒక్క పోచ పీకినా జరిమానా.
అందుకని కెచ్‌కెమేత్ నర్సరీలో ఆరు మొక్కలు కొన్నాను.
మొదటి ఏడు ముద్దు చేశాను:
గుర్రప్పేడ వేశాను, పొద్దూమాపూ నీళ్ళు పోశాను.
నాలుగు కుళ్ళిపోయాయి.
పక్కింటి వెండెల్ కంచె మీంచి తొంగిచూసి
నాకే గడ్డి పెట్టాడు:
"ఇసకలో పుట్టినదానికి మీగడ తినిపిస్తావా, ఎటెల్కా?"

పేడ తవ్వి పారేశాను.
రెండు బండ్ల ఇసక పోయించి
చేతులు కట్టుకు కూచున్నాను.
తోటపనిలో నాకు చేతకానిది అదొక్కటే.

మూడో మే నెలలో దిగింది జుట్టు.
వెండి కాదు, పాలరంగూ కాదు,
తలంటి ఆరబెట్టుకున్న పిల్లకి
మెడ వెనక లేచే నూగు ఉంటుందే,
ఆ మెరుపు.
దిక్కులేనిదంటారు గానీ
గాలి ఎటు వీస్తే అటే దానికి దిక్కు.

నెలకో సోమవారం
సర్కారు వసతిగృహం నుంచి ఆడపిల్లల్ని
వరసగా నడిపించుకొచ్చేవారు నా దుకాణానికి.
చెవుల పైకి కత్తిరించాలని కాగితంలో ఉండేది.
పేల భయం.
ఒక్క మధ్యాహ్నంలో పదకొండు తలలు.
ఒక పిల్ల, పేరు అడగలేదు నేను,
కుర్చీ దిగి, నేల మీంచి తన జడ ఏరుకుని
కోటు జేబులో కుక్కుకుంది.
నేను చీపురు పట్టుకుని
గోడగడియారం చూస్తూ నిలబడ్డాను.

నిన్న వెండెల్ పెద్ద కత్తెర తెచ్చాడు.
"చిందరవందరగా ఉంది, కాస్త కురచ చేద్దామా?"
వద్దన్నాను.
ఎందుకని అడిగాడు.
కాఫీ పోశాను.

గింజలు రాలే రోజులివి.
ప్రతి గింజకీ మెలితిరిగిన పొడుగు తోక.
తేమ తగిలితే విప్పుకుంటుంది,
ఎండకి మళ్ళీ ముడుచుకుంటుంది,
అలా తిరిగి తిరిగి
తన గుంత తనే తవ్వుకుని నేలలోకి దిగుతుంది.
ఎవరూ నాటక్కర్లేదు.

రాత్రి స్వెటర్ విప్పబోతే
మోచేతి దగ్గర ఒకటి గుచ్చుకుని ఉంది.
లాగితే రాలేదు.
కుర్చీ వీపుకి తగిలించి దీపం ఆర్పాను.

కిటికీలోంచి వాన వాసన.