పనసచెక్క చేప

గొల్లపల్లిలో ఏకాండి వీణకి కుండ తొలుస్తుంటే
పక్కకి ఎగిరిన పెడ్డు అది.
పసుప్పచ్చగా, ఇంకా పచ్చివాసన వేస్తూ.
పొయ్యిలోకి పోనీ అని మేస్త్రీ కాలితో తోశాడు.
నేను జేబులో వేసుకున్నాను.

మూడు రాత్రులు పట్టింది.
పొట్ట లావు, తోక సన్నం,
కడుపులో సీసం రవ్వ,
వీపు మీద మా అక్క గోళ్ళరంగు
(అడగలేదు, తిట్టింది),
మూతి కింద ఏటవాలుగా
స్వీటుడబ్బా మూత కత్తిరించి అతికిన నాలిక.
ఆ నాలికే అసలు.
లాగితే నీళ్ళు తోసుకుంటూ కిందికి దిగుతుంది.
ఆపితే, చెక్క కదా, పైకొచ్చేస్తుంది.
కొక్కేలు మాత్రం విశాపట్నంలో కొన్నాను.

వేగావతిలో మొదటిసారి వేస్తే
పక్కకి ఒరిగి, తాగినోడిలా గట్టెక్కింది.
"సెక్కముక్క తింతాదేటిరా పోలీ?
సేపకి ఆకలుంతాది గానీ పిచ్చుండదు."
దాలయ్య వల దులుపుకుంటూ నవ్వేడు.

ముక్కుకున్న తీగని
వెంట్రుకవాసి ఎడమకి వంచాను.
వేశాను. మళ్ళీ వంచాను.
మేళం కట్టేటప్పుడు మైనం మీద
మేస్త్రీ మెట్టు జరిపేదీ అంతే,
కంటికి ఆననంత.
ఎనిమిదోసారికి
దారం పొడుగునా ఒక వణుకు బయల్దేరి
చూపుడువేలి దాకా వచ్చింది.
కర్ర దాలయ్య చేతికిచ్చాను.
నవ్వు ఆపేడు.
"ఏటిదీ... నాడి కొట్టుకుంతన్నట్టుంది."

మడ్డువలస వెనకనీళ్ళు. శ్రావణం. ఇంకా తెల్లారలేదు.
మునిగిన తుమ్మమోళ్ళు,
నీళ్ళలోకి నడిచి వెళ్ళి తిరిగి రాని పాత తారురోడ్డు.
ఆ రోడ్డు చివర ఒకచోట
నీళ్ళు ఎర్రగా ఉడుకుతున్నాయి:
కొరమేను పిల్లలు, వందలు,
అగ్గిపుల్లంత కూడా లేవు,
గుంపుగా పైకొచ్చి గాలి గుటకేసి దిగుతున్నాయి.
కింద పెద్దదుంటుంది. నాకు తెలుసు.
ఆకలికి కాదు, కోపానికి కొడుతుంది.
అదీ తెలుసు.
అవతలికి విసిరి
సరిగ్గా వాటి మధ్య నుంచి లాగాను.

దెబ్బ మోచేతికి తగిలింది.
కర్ర విల్లయింది, రీలు కీచుమంది,
నీళ్ళ కింద ఎవరో తలుపు మూసేసినట్టు
కాసేపు ఏదీ కదల్లేదు.
తర్వాత వచ్చింది. జానెడున్నర. నల్లగా.
చెక్కచేపని అడ్డంగా కరిచి, వదలకుండా.

నేను రాజాం బజార్లో ఉన్నాను అప్పటికే,
కాటా మీద, కిలో నాలుగొందల దగ్గర బేరంలో.
దాలయ్య మొలలోతు దిగి ఉన్నాడు,
ఎడంచేత్తో దాని దవడ పట్టుకుని
కుడిచేత్తో కొక్కెం తిప్పుతున్నాడు.
"ఒగ్గీరా.
గుంటలున్న తల్లి."
తల్లో తండ్రో నీకేం తెలుసు అన్నాను.
"ఏదైతేనేటి."
ముప్ఫయ్యేళ్ళుగా వల వేసి బతికినవాడు.
నాకు ఒళ్ళు మండింది. రాజాం దాకా మాట్లాడలేదు.

చెక్క మీద పంటిగాట్లు తొమ్మిది.
గోళ్ళరంగు లేచిపోయి
కింద పనస పసుపు బయటపడింది.
మేస్త్రీ బల్లమీద చూసి, తీసి,
గోటితో ఒక్కసారి కొట్టి
చెవి దగ్గర పెట్టుకున్నాడు, అలవాటు చొప్పున.
ఏమీ అనలేదు.

మర్నాడు నా పీట పక్కన
ఇంకో పెడ్డు ఉంది.