ఏడో టికెట్

షమీమున్ కుట్టుమిషన్ అంగట్లో
రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించి
కొలతల పుస్తకం వెనక పేజీలో
విశాఖపట్నం అని రాసినాం.
శుక్రవారం సాయంత్రం ఎక్కేది, శనివారం దిగేది,
ఆదివారం పొద్దు మునగంగానే మళ్ళా బండి.
నలభై దాటిన ఆడోళ్ళకు సముద్రం ఒడ్డున కబడ్డీ పోటీ.
ఎంట్రీ ఏడునూర్లు. తలకు నూరు.
గెలిస్తే ఏమిస్తారో
ఎవరమూ అడగలేదు.

బండి మన కడపలోనే పుడతాది,
కిటికీ సీటు మనకు గాక ఎవరికి, అంటాది ఓబుళమ్మ.
మోకాలి పట్టీలు ముందు లెక్కలో రాయి,
రూము బాడిగ ఆనక చూద్దాం, అంటాది మేరీ సుగుణ,
ఆస్పత్రిలో రెండు నైటు డ్యూటీలు అప్పుపడి వచ్చిన మనిషి.
తిరుపాలమ్మకు బర్రెల దిగులు.
నాలుగు పూటల పాలు ఎవురు పిండాల?
కొడుకు పిండుతాడని ఆమె తప్ప అందరం నమ్మినాం.
తిండికి సద్దరొట్టెలు, చెనిక్కాయల పొడి.
మిగిలితే అలలకేస్తాం లే అని ఒకటే నవ్వు.

అల ఎట్లుంటాదిమే?
మాలో సముద్రం చూసింది రామసుబ్బమ్మ ఒక్కతే,
కాకినాడలో వదిన కాన్పుకు పోయి.
కొంచేపు ఆలోచించి చెప్పింది:
"వస్తాది. కాలు ముట్టుకుంటాది.
పట్టుకుందామనేలోపల
దాని కోర్టుకు అది పోతాది.
కూత మాత్రం ఆపదు."

ఆపొద్దు నుంచీ ఆ ఆటగత్తెకు భయపడతానే ఉండాం.

ఆదివారం చెన్నూరు కాడ పెన్నలో దిగినాం.
ట్రాక్టర్లు ఎత్తకపోంగా మిగిలిన ఇసక.
చెప్పు మొనతో నడిగీత గీసి
చీరలు దోపి, ఆరుమందిమి, మూడూ మూడు.
ఇసక కాలిని ఇడ్సదు,
పరిగెత్తితే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టే.
పడితే మాత్రం దెబ్బ తగల్లేదు.
ఆ సంగతి తెలిసినాక
ఊరికే పడినాం.

ఆరుమందిమి.
ఏడో మనిషి పేరు నా ముందర ఎవరూ ఎత్తరు.

చౌడేశ్వరి.
రాజంపేట జోనల్స్, పదో తరగతి, ఆఖరి నిమిషం.
నేను గీత తొక్కినానా లేదా అని రెఫరీ అడిగితే
మా జట్టు మనిషే, నా బెంచీలో కూచునే మనిషే,
తొక్కింది సార్ అనింది.
ఒక్క పాయింటుతో పోయింది కప్పు.
ఇరవై ఆరేండ్లుగా
ఆమె పెరుగంగడి ఉండే వీధి తప్పించి
చుట్టు తిరిగి పోతాండా మార్కెట్టుకు.

నిన్న చుట్టు తిరగలేదు.
అరలీటరు పెరుగు అడిగినా.
గరిటెతో కొలిచి పోస్తా ఉంది, నన్ను చూడలేదు.
"తొక్కినా," అన్నా.
కవరుకు దారం చుడతా చుడతా
ఆమె చెయ్యి నిలబడింది.
"మడమ," అనింది. "ఎడమది."
చిల్లర ఇచ్చింది.
నేను మెట్టు దిగినాక వెనక నుంచి:
"మూలలో కాలు పట్టేది ఎవురిప్పుడు?"

ఈ పొద్దు ఏడు టికెట్లు తీసినాం.
ఆరు సీట్లు దొరికినాయి,
ఒకటి వెయిటింగు, నాలుగో నంబరు.
అది ఎవురి పేరు మీదుందో
షమీమున్ చూడనీలేదు.

ఆరబోసిన మిరక్కాయలు మూటగట్టే నెపంతో
రాత్రి మిద్దెక్కినా.
నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి కూత పెట్టినా.
పక్కింటి కుక్క జవాబు చెప్పింది.
స్టేషను దిక్కు నుంచి ఇంగొక కూత,
నాకన్నా పొడుగ్గా.
బడిలో ఉన్నప్పుడు ముప్పై సెకన్లు తెగేది కాదు.
మొన్న పదహైదు.
ఈ రాత్రి పద్దెనిమిది.
బండికి ఇంకా పదకొండు దినాలుంది.