చప్పగా మోగినది

సమకాలీన స్వరరచన, ఎమ్మే, రెండో ఏడు.
చేరినప్పుడు ఐదుగురం.
ఒకడు కల్యాణమండపాల్లో కీబోర్డుకు పోయినాడు,
ఇద్దరు బీఈడీకి.
ఇప్పుడు తరగతిలో నేను, తేజోవతి,
ఏ స్వరానికీ లొంగకుండా తిరిగే ఫ్యాను.

చివరి పరీక్షకు పద్దెనిమిది నిమిషాల సొంత రచన ఇవ్వాలి.
వాయిద్యాలు మన ఇష్టం. రాగం ఉండాలని లేదు.
ఆ "లేదు" దగ్గర కస్తూరి మేడం
ప్రతిసారీ కళ్లద్దాలు తుడుచుకుంటుంది.

నేను రైలుపెట్టెల వర్క్‌షాపుకు పోయినాను.
చెంగల్రాయులు ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ
పొడుగు కర్ర సుత్తితో చక్రాలు కొడుతున్నాడు.
పెట్టెకు ఎనిమిది. కొట్టి, తల వంచి, వింటాడు.
ఇప్పుడా పని మిషను చేస్తుంది, తెర మీద గీతలు చూపిస్తుంది.
మిషను చూసి వదిలినాక ఈయన ఇంకోసారి కొడతాడు.
ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

నూట అరవై చక్రాలు ఫోన్లో పట్టుకున్నాను.
రేణిగుంట బస్సులో, హాస్టల్ మెట్ల మీద,
ఒక్కొక్క మోతనీ కోసి, అతికించి, మళ్లీ కోసి
మూడు వారాలు.
తరగతిలో వినిపిస్తే
వరండాలో పోతున్న అటెండరు మునెమ్మ ఆగి
చెప్పులు విడిచి దండం పెట్టుకుంది.

తిరుపతిలో ఇదే కష్టం.
ఇనుము మోగితే చాలు, గుడిగంటే.
గిన్నె జారిపడినా గోవిందా అంటారు.
మేడం "బాగుంది" అంది.
ఆ బాగుండడాన్ని ఎక్కడ దాచాలో
ఆ రాత్రంతా తెలీలేదు.

పెద్దాయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టినాను.
నాలుగు నిమిషాలు విని తీసేసినాడు.
"అన్నీ మంచి చక్రాలే గదమ్మే. వీట్లో యినేదానికి ఏముండాది?"
"మరి మీరు వినేది?"
"మేం యినేది వీట్ని కాదు. పలకనిదాని కోసరం కాచుకోనుంటాం.
ణంగుమన్నంత సేపూ అది చెవిదాకా రాదు.
చప్పగా, డక్కుమనిందనుకో, అరికాళ్లకు తెలుస్తాది."
"ఇన్నేళ్లలో ఎన్ని దొరికినాయి?"
వేళ్లు మడిచినాడు.
రెండో చెయ్యి అవసరం పడలేదు.

చెరిపేసినాను. అంతా.
కొత్త కాగితం మీద ఐదు గీతలూ లేవు, సరిగమలూ లేవు.
చుక్కలు, ఒకే దూరంలో, వరసగా.
వాద్య శాఖ నుంచి అరువు తెచ్చుకున్న మృదంగం గురునాథ్
కాగితాన్ని తిప్పి తిప్పి చూసి
"ఇది ముగ్గుకా, నాకా?" అన్నాడు.
మేడం మాత్రం నవ్వలేదు. ఒక చుక్క మీద వేలు పెట్టి
"ఇదొక్కటే బోలుగా ఉందే. దీని శ్రుతి?"
"లేదు మేడం."
"లేనిదాన్ని తేజోవతి ఎట్లా వాయిస్తుంది?"

నిజమైన ప్రశ్న. జవాబుకు నెల పట్టింది.
కమానును తీగ మీద ఆనించి, కదలనివ్వకుండా నొక్కితే
తీగ గొంతు పట్టుకుపోతుంది,
కొయ్య ఒక్కసారి దగ్గుతుంది.
అంతే. అది.

పరీక్ష రోజు హాల్లో పదకొండు మంది,
బయటినించి వచ్చిన పరీక్షకుడితో కలిపి.
మూడో వరసలో చెంగల్రాయులు, ఇస్త్రీ చొక్కా, జేబులో సుద్దముక్క.
మరిచిపోయి వచ్చిందో, తెచ్చుకున్నాడో.

దెబ్బ.
దెబ్బ.
దెబ్బ.
ఐదో నిమిషానికి పరీక్షకుడు గడియారం చూసినాడు.
ఎనిమిదికి ఎవరో కుర్చీ జరుపుకున్నారు.
తొమ్మిదికి ఎవరూ ఏదీ జరపలేదు.
పదకొండో నిమిషంలో తేజోవతి కమాను
డక్.

మూడో వరసలో చెయ్యి లేచింది.
సుద్దముక్క పట్టుకున్న చెయ్యి, బండి ఆపమనే చెయ్యి.
గురునాథ్ ఆగిపోయినాడు.
ఆయన నిలబడి మా మొహాల్ని కాదు,
మా కాళ్ల కింద ఎక్కడో వెతుకుతున్నాడు.

ఇంకా ఏడు నిమిషాలు
రాసినవి రాసినట్టే స్టాండు మీద ఉన్నాయి.
వాయించమని నేను సైగ చెయ్యలేదు.
మేడం కళ్లద్దాలు తీసింది,
తుడవలేదు.