పదకొండు అడుగులు

నాలుగో మంచం నుంచి
పసుపు డబ్బా దాకా పదకొండు అడుగులు.
ఆ రాత్రి నేను లెక్కపెట్టలేదు.
తర్వాత పెట్టాను, చాలాసార్లు.

దార్ఖాన్‌లో బయట మైనస్ ముప్ఫై ఆరు.
బొగ్గు గని నుంచి మోసుకొచ్చిన కుర్రాడు
తొడ దగ్గర కారిపోతున్నాడు.
ఒక చేత్తో నరం వెతుకుతూ
రెండో చేతిలోని వాడేసిన సూదిని
క్షణంపాటు దుప్పటి మీద పెట్టాను.
క్షణమే.

తెల్లారి ఆ దుప్పటి దుల్మా దగ్గరికి వెళ్లింది.
ఇరవై రెండేళ్లుగా
ఈ ఆసుపత్రి నెత్తురూ వాంతులూ ఉతుకుతున్న మనిషి.
ఆమెకిచ్చిన గ్లవ్స్ గిన్నెలు తోముకునే రకం.

కుడిచేతి అనామికలో దిగింది.

సబ్బుతో కుళాయి కింద కడగాలి,
పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు.
గోడమీద కాగితం ఉంది,
వార్డులో, డాక్టర్ల గది పక్కన.
లాండ్రీలో గోడకి తేమ తప్ప ఏమీ లేదు.
దుల్మా వేలు నోట్లో పెట్టుకుంది.
ఎవరైనా అదే చేస్తారు.

రిజిస్టర్ తెరిచి సరన్‌చిమెగ్ అడిగింది:
ఎవరికి వాడిన సూది?
దుప్పటికి పేరుండదు.
ఆ గడిలో పైనుంచి కిందదాకా
పాత "తెలియదు"లు
చలికి ముడుచుకున్న పిచ్చుకల్లా వరసగా ఉన్నాయి.
ఇంకోటి పక్కన కూర్చుంటే ఎవరు చూస్తారు?

నాలుగో మంచం అని రాశాను.
కింద నా పేరు.

నెల జీతం కోశారు.
కుర్రాడి రక్తం పరీక్షకి పంపారు.
హెచ్ఐవి లేదు.
హెపటైటిస్ సి ఉంది. వాడికీ అప్పుడే తెలిసింది.
దానికి ముందుగా మింగే మాత్ర లేదు,
ఎదురుచూడటమే.

ఇక్కడ పొద్దున్నే చాయ్ కాచి
అనామిక పాలలో ముంచి
ఆకాశానికి చిలకరిస్తారు.
దుల్మా మానేసింది.
"నా నెత్తురు సంగతి తేలేదాకా
ఆకాశానికి ఎంగిలి పెట్టను."
పాలతో అంటదక్కా, అన్నాను.
"నాకు తెలుసులే.
ఆకాశానికి తెలియాలిగా."

ఆరు వారాల పరీక్షలో ఏమీ లేదు.
ఆ మర్నాడు స్క్రూడ్రైవర్‌తో వార్డులోకొచ్చి
ఎవర్నీ అడక్కుండా
పసుపు డబ్బా ఊడదీసి
నాలుగో మంచం తలవైపు బిగించింది.
తను చెయ్యి చాపి చూసుకుంది.
నన్నూ చాపమంది.
"ఇప్పుడు లెక్కపెట్టు."

ఆర్నెల్ల పరీక్ష మంగళవారం.
పాలు తెస్తానన్నాను.
వద్దంది.
గుమ్మం దాటాక వెనక్కి వచ్చి,
వెన్న తీయనివి తెమ్మంది.