పావు తిప్పు

గుణుపురం సంతవీధిలో కూర్మయ్య కొట్టు.
వంశధార మీంచి గాలి లేస్తే
ముందు ఏంటెన్నా ఊగేది,
తరవాత బొమ్మ,
తరవాత వీధి అరుగుల మీద జనం.

టీవీకి మరలన్నీ వెనక,
మొహమేమో ముందు.
అందుకని ఎదురుగా అద్దం పట్టుకోవడం నా పని.
"ఒంచు. ఇంకాస్త. అక్కడుంచు."
నా పదకొండో ఏడు ఆ మూడు మాటల్లోనే గడిచింది.

అద్దంలో వార్తలు తిరగబడి వచ్చేవి.
ఒడియా గుండ్రన, తెలుగు గుండ్రన,
తిరగేస్తే రెండూ కలిసి
ఎవరికీ రాని ఒకే భాష.
ఏది కటకమో ఏది విశాఖో తేలక నేను నవ్వుతుంటే
"అచ్చరాలొద్దురా, ముక్కు చూడు.
ముక్కు పక్కన ఇంకో ముక్కుందా?" అనేవాడు.
ఉండేది చాలాసార్లు.
కొండకి కొట్టుకుని
కాస్త ఆలస్యంగా ఇల్లు చేరిన మనిషి నీడ.

మూత విప్పగానే ట్యూబుకి దణ్ణం పెట్టేవాడు,
రబ్బరు టోపీ కిందకి స్క్రూడ్రైవరు దూర్చి
టక్.
నీలం మెరుపు.
"కట్టీసి మూడ్రోజులైనా దీని కోపం దిగదురా."

ఓ ముసురు రోజు బుదెయి గమాంగో
పద్నాలుగంగుళాల సెట్టుని
గోనెపట్టాలో చుట్టి నెత్తిన మోసుకొచ్చింది.
అందరి మొహాలూ లేత ఆకు రంగు.
కూర్మయ్య ఎరుపు పెంచాడు.
పెదాలకి నెత్తురొచ్చింది, చెంపలకి ఎండ.
బీడీ ముట్టించాడు.

అయిదో రోజు మళ్ళీ అదే గోనెపట్టా,
వెనకాల గొడుగు కింద వాళ్ళమ్మ.
"అమ్మ ఒప్పుకోట్లేదు.
వీళ్ళెవరో, తనవాళ్ళు కారంటోంది.
ఆరేళ్ళు ఆకుపచ్చగానే చూసింది కదా."

నేను నవ్వేశాను.
కూర్మయ్య నవ్వలేదు.
"అద్దం ఆవిడకి పట్టరా" అన్నాడు.

మర వెనక్కి కదిలింది, వెంట్రుకవాసి.
ముసలామె తల అడ్డంగా ఊపింది.
ఇంకాస్త.
మరి కాస్త.
సవర మాటలు మా ఇద్దరికీ రావు,
ఆగమన్న చెయ్యి మాత్రం తెలిసింది.
అద్దంలోకి ఒంగి
ఎవర్నో పలకరించింది.

కూర్మయ్య కూతురి గోళ్ళరంగు సీసా తీసి
ఆ మర మీద చుక్క పెట్టి
ఆరేదాకా ఊదాడు.

"ఏటికి?" అన్నాను.

"రేపు నీలాటోడెవడో విప్పుతాడు.
సరిచేసీగల్డు."