నాలుగు మిల్లీమీటర్లు

బోస్ మైదానంలో ఒక గోధుమల కొట్టంలోంచి
ఆ రోడ్‌స్టర్‌ని బయటికి లాగినప్పుడు
డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది.
లేవనంది. గుడ్లతో సహా ఎత్తి పక్కన పెట్టాం.

లిమోజ్‌కి తెచ్చి రంగు గీకాను:
నలుపు, కింద ఆకుపచ్చ, దాని కింద
ఎవరో ప్రియురాలికి నచ్చిందని వేయించిన మీగడ రంగు,
అన్నిటికీ అడుగున ఉత్త అల్యూమినియం,
ఇసుక సంచి మీద పెట్టి వంచిన రేకు.

రేకు కొట్టే చేతికీ దస్తూరీ ఉంటుంది.
ఎడమ మడ్‌గార్డు నిండా
చేప పొలుసుల్లాంటి చిన్న దెబ్బలు, వరస తప్పకుండా.
కుడిదీ అలాగే మొదలై
హెడ్‌లైటు దాటాక
బరువు సుత్తి, తొందర, వడగళ్లు పడ్డట్టు.
అక్కడ వంపు నాలుగు మిల్లీమీటర్లు దిగింది.

"సరిచెయ్యండి," అన్నాడు మొస్యే దెల్‌మాస్.
"జూన్‌లో పోటీ. జడ్జీలు స్కేళ్లతో వస్తారు.
ఇలాంటిది ప్రపంచంలో ఇదొక్కటే, తెలుసుగా."

తలుపు లోపలి తోలు ఊడదీస్తే
చెక్క మీద వడ్రంగి పెన్సిలు:
"4 సెప్టెంబరు 39. గాస్పార్‌కి పిలుపొచ్చింది.
శనివారమే రైలెక్కాడు.
మిగతాది నేను కొడుతున్నా. నాకీ పని రాదు.
ఫిర్మాన్."

ఆ రాత్రి షెడ్డులో ఒక్కదాన్నే
మడ్‌గార్డు మీద అరచెయ్యి నడిపించాను.
కళ్లు మూసుకున్నా తెలుస్తుంది ఆ చోటు,
సగంలో లేచెళ్లినవాడి మాట
పక్కవాడు తడబడుతూ అందుకున్నట్టు.

చెరగకుండా రాత మీద పల్చగా లక్క పూసి
తోలు మళ్లీ కుట్టేశాను.

పొద్దున దెల్‌మాస్ ఫోను.
కొలిచానన్నాను. రెండూ సమానమేనన్నాను.
మొదటిసారి తప్పు
నా స్కేలుదన్నాను.