కోత, మేట

మా ఆఫీసు రిజిస్టర్లో లంకకి రెండే గడులు.
కోత. మేట.
గోదారి తిన్నది ఒక గడిలో,
కక్కింది ఇంకో గడిలో.
ముప్ఫై ఒక్క ఏళ్ళు గొలుసు లాగాను నేను
ఆ రెండిటి మధ్య గీత మీద.

వరద తీసి, నీళ్ళు ఎరుపు నుంచి టీ రంగుకి,
టీ నుంచి గాజు రంగుకి మారాక
సంగాడి గంగులు నావలో బయల్దేరేవాళ్ళం —
సర్వేయరు గారు, ఆయన గొడుగు,
నేను, గొలుసు, పెరుగన్నం క్యారేజీ.
వశిష్ట పాయలో నాలుగు లంకలు.
గుర్రాలంక. దిబ్బలంక.
పాతికెకరాల లంక, ఇప్పుడది తొమ్మిదే.
నాలుగోదానికి పేరు లేదు,
నిరుటి దాకా అది ఉత్త లోతు.

లంక పుట్టడం చూశాను నేను.
ముందు ఒక మాను తగులుకుంటుంది,
ఎగువ మన్యంలో ఎక్కడో వేళ్ళు వదిలింది.
దాని చాటున ఇసుక దాక్కుంటుంది.
మర్నాడు ఆ ఇసుక చాటున ఇంకాస్త ఇసుక.
తర్వాత ఉల్లంకి పిట్ట దిగి
బరువు ఆగుతుందా లేదా అని నడిచి చూస్తుంది.
ఆపైన రెల్లు. రెల్లు ఒకసారి పళ్ళు దించిందా
గోదారికి కూడా లొంగదు.
రెల్లులో ఎలుక, ఎలుక కోసం పాము,
పాము కోసం పైన గద్ద.
వీళ్ళంతా కాపురాలు పెట్టాకే మనిషి —
గేదె తోక పట్టుకుని, ఈదుకుంటూ,
నెత్తిన పొడి లుంగీ కట్టుకుని.

సముద్రం వైపు దిగితే వరస వేరు.
మడ, ఉప్పుపొన్న, తిల్ల.
తిల్లచెట్టు పాలు పడితే కన్ను పోతుంది,
గంగులు తాత ఒకటి అక్కడే ఇచ్చి వచ్చాడు.
రెండోదాంతో మండపీతలు
ఇంకా బాగా కనపడేవట.
రాత్రి బావురుపిల్లి ఒడ్డున కూచుని
నీళ్ళని చెంపదెబ్బలు కొడుతుంది, చేప బయటికి రమ్మని.

గుర్రాలంకలో నేలపూడి మరియమ్మ
ఏటా శిస్తు కడుతుంది
ఎకరం డెబ్భై సెంట్లకి.
అది నీళ్ళలో ఉంది, ఎనభై ఆరు నుంచీ.
పొగాకు చేను, పందిరి రాటలు,
మొగుడు యోహాను సమాధి,
సమాధి పక్కన తనే నాటిన సీతాఫలం —
రొట్టె తుంచినట్టు తుంచుకుపోయింది.
ఒడ్డు విరిగినప్పుడల్లా చప్పుడు
అవతలి రేవుకి వినపడేది.

"నీళ్ళకి శిస్తేంటమ్మా," అన్నారు సర్వేయరు గారు.
"నీళ్ళకి కాదండి, కింద ఉన్నదానికి.
రసీదు మానేత్తే అది నాదని
గోదారికి ఎలా తెలుత్తాదండి?"
ఆయన ఏదో రాసుకున్నారు.
ఏ గడిలోనో నేను చూడలేదు.

తర్వాత మరో రకం కోత వచ్చింది,
రాత్రిళ్ళు లైట్లేసుకుని, ఇంజన్ల మీద.
దిబ్బలంక తోక నాలుగు నెలల్లో లారీలెక్కింది.
కోత ఇక్కడ రాశాం.
మేట ఎక్కడో పట్నంలో, ఏడో అంతస్తుగా లేచి ఉంటుంది,
అంత దూరం మా గొలుసు చాలదు.

ఈ ఏడు అసలు గొలుసే లేదు.
కొత్త సర్వేయరు కుర్రాడి చేతిలో మిషను,
పైన తిరిగే ఉపగ్రహాల్ని అడిగి చెబుతుంది.
రిటైరయినా, అలవాటు కొద్దీ నావెక్కాను.

పేరులేని లంక మీద తడి ఇసుక.
నీటికుక్క అడుగులు, పక్కన మనిషివి,
ఎడమకాలు ఈడ్చిన గీతతో సహా.
వరసగా పుచ్చపాదులు తవ్వి ఉన్నాయి,
ఒక్కోదాంట్లో గుప్పెడు పేడ ఎరువు.
చివర పుల్లకి కట్టిన ప్లాస్టిక్ సంచిలో
శిస్తు రసీదులు, రబ్బరు బ్యాండేసి.

కుర్రాడు మిషను చూశాడు.
"పాత నంబరుకి ఇది
నలభై గజాలు తూర్పు, మావయ్యా. ఆవిడది కాదు."

నలభై గజాలే కదయ్యా, అన్నాను.
ఇన్నేళ్ళు మోసుకు తిరిగింది.
చీకట్లో దించేటప్పుడు
ఆ మాత్రం తప్పదూ?

వాడు పెన్ను మూత తీసి, రాయకుండా నిలబడ్డాడు.
నేను వంగి, ఒక పాదు గట్టు జారితే
చేత్తో ఎత్తి పెట్టాను.